మానై వంగదని ఎవరన్నారండీ?

మన పెద్దవాళ్ళు బోలెడు సామెతలు చెప్పి వెళ్ళారు. అన్నిటికీ నమస్కారం. ఒక్కదానితో మాత్రం నాకు పేచీ ఉంది. 'మొక్కై వంగనిది మానై వంగునా?' అన్నదానితో.

మా ఇంట్లో ఈ సామెత ఆవకాయలాగ రెండుపూటలా వడ్డనకి వస్తుంది. పొద్దున్న మా మనవరాలి మీద. పదిహేనేళ్ళ పిల్ల ఏడైనా దుప్పటి తియ్యకపోతే, "ఇప్పుడు వంచకపోతే ఇంకెప్పుడు వంచుతారు?" అని మా వారు నామీద ఎగురుతారు. సాయంత్రం అదే సామెత మా మీద మేమే వేసుకుంటాం. ఫోన్‌లో ఏదన్నా కొత్త పని చెయ్యాల్సి వస్తే, "ఈ వయసులో మాకు అవన్నీ ఎక్కుతాయా అమ్మా" అని నిట్టూరుస్తాం. చూశారా చమత్కారం! ఒక్క సామెతతో పిల్లల్ని దండించేయొచ్చు, మనల్ని మనం క్షమించేసుకోవచ్చు. ఇంత వీలైన సామెతని ఎవరు మాత్రం వదులుకుంటారు చెప్పండి?

నేనూ వదులుకోలేదు. 2023 వేసవి దాకా.

ఆ రోజు సాయంత్రం మనవరాల్ని బాగా తిట్టాను. అప్పటికి దానికి పదమూడు. పొద్దస్తమానం ఆ ఫోనేమిటి, నీ బుర్ర బూజు పట్టిపోతుంది, అదీ ఇదీ. మా అమ్మాయీ అల్లుడూ బదిలీ ఉద్యోగాలతో ఊళ్ళు తిరుగుతూంటారు. పిల్ల చదువు పాడవకూడదని మా దగ్గర ఉంచారు. అంచేత దాన్ని తిట్టే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటూంటాను.

రాత్రి పదకొండు దాటాక మా వారికి నడుం దగ్గర పోటు మొదలైంది. మనిషి మెలికలు తిరిగిపోతున్నారు. మూత్రపిండంలో రాయి అని తర్వాత తెలిసింది గాని, అప్పటికి మాకేం తెలుసు? ఆటోలో వేసుకుని నేనూ మనవరాలూ ఆస్పత్రికి పరుగెత్తాం. కౌంటర్లో కుర్రాడు ముందు పదివేలు కట్టమన్నాడు. నా పర్సులో పదకొండు వందలున్నాయి. ఆయన ఏటీఎం కార్డు పుచ్చుకుని గేటు పక్కన మెషీను దగ్గరికి వెళ్ళాను. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆ కార్డు నేను ముట్టుకోవడం అదే మొదలు. నాలుగంకెలూ ఆయన చెప్పినవే. కానీ వేళ్ళు వణికి నేనేం నొక్కానో నాకే తెలీదు. మూడుసార్లు తప్పని చూపించి, ఆ మెషీను మరి నాతో మాట్లాడనంది.

ఏడుపు దిగమింగుకుని వెనక్కి వద్దును కదా, డబ్బు కట్టేసి ఉంది! ఆయన్ని లోపలికి తీసుకెళ్ళిపోయారు కూడానూ.

"ఎలా కట్టావే?" అన్నాను.

"తాతయ్య ఫోన్‌లోంచి అమ్మమ్మా. నంబరు నాకు చెప్పొద్దన్నాను. ఫోన్ ఆయన దగ్గరికి పట్టుకెళ్ళి ఆయన చేత్తోనే నొక్కించాను. రసీదు ఇదిగో" అంది. ఎక్కడా తొట్రుపాటు లేదు.

తెల్లారేదాకా ఆ ఆస్పత్రి బల్లమీద కూర్చున్నాను. పిల్ల నా ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోయింది. నాకు మాత్రం సిగ్గేసింది. దానికి వచ్చినందుకు కాదు, నాకు రానందుకూ కాదు. నాకు ఎవరూ నేర్చుకోవద్దని చెప్పలేదు, ఎవరూ అడ్డం పడలేదు. 'నాకు రాదు' అనే మాట పరుపులాగ మెత్తగా ఉంటే, దానిమీద నేనే పడుకున్నాను.

అప్పట్నించి ఈ మెదళ్ళ సంగతేమిటో చూద్దామని దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ మన సామెతకి రెండువైపులా చిల్లులు కనిపించాయి.

మొదట మొక్క సంగతి. ఇదివరకు చాలామంది మెదడు ఎదుగుదల చిన్నతనంలోనే దాదాపు అయిపోతుందని అనుకునేవాళ్ళు. అమెరికాలో జే గీడ్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ, ఒకే పిల్లల్ని కొన్నేళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ ఎమ్మారై మెషీన్లో పడుకోబెట్టి బొమ్మలు తీశారు. 1999లో ఆ సంగతులు అచ్చయ్యాయి. నుదుటి వెనకున్న భాగంలో బూడిద పదార్థం పదకొండు పన్నెండేళ్ళ వరకూ పెరిగి, ఆ తర్వాత పలచబడుతూ వస్తుందిట. తగ్గడమంటే పాడైపోవడం కాదు సుమండీ. చలికాలంలో మన పెరట్లో మల్లెపొదకి ఆకు దూసి కొమ్మలు కత్తిరిస్తామే, అలాంటిది. వాడే దారులు బలపడతాయి, వాడనివి రాలిపోతాయి. బలపడ్డ దారులకి పైన ఓ కొవ్వు పొర చుట్టుకుని, కబురు వేగంగా పరుగెడుతుంది. ఈ పని ఇరవై అయిదేళ్ళ దాకా సాగుతూనే ఉంటుంది. అన్నిటికన్నా ఆఖర్న కుదుటపడేది ముందూవెనకా ఆలోచించే ఆ నుదుటి భాగమే.

అంటే ఏమిటన్నమాట? పదిహేనేళ్ళ పిల్ల దగ్గరున్నది సగం పూర్తయిన పెద్దవాళ్ళ మెదడు కాదు. ఏ ఊరు వెళ్తే ఆ ఊరి మాట పట్టుకోవడానికీ, ఏ పనిలో పడితే ఆ పనికి అలవాటు పడిపోవడానికీ తయారుగా ఉన్న మెదడు. చుట్టూ ఏముంటే దానికి తగ్గట్టు అది తన్ను తాను దిద్దుకుంటుంది. అలాంటప్పుడు దాని చుట్టూ మనమేం పెడుతున్నాం?

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మన ఆంధ్రాలో, తెలంగాణలో పదో తరగతి అయిపోగానే పిల్లల్ని ఎక్కడ పడేస్తున్నామో మీకు వేరే చెప్పక్కర్లేదు. మా బంధువుల అబ్బాయి చదివిన హాస్టల్లో పొద్దున్న అయిదింటికి గంట, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. ఆటస్థలం లేదు, పాట లేదు, పక్కవాడితో నాలుగు ముక్కలు మాట్లాడితే నేరం. రెండేళ్ళపాటు నాలుగు జవాబుల్లో ఒకటి ఏరడం తప్ప వాడు మరో పని చెయ్యలేదు. పొద ఏ కొమ్మ ఉంచుకోవాలా, ఏది రాల్చుకోవాలా అని చూసుకునే కాలంలో, మనం వెళ్ళి ఒక్క కొమ్మ ఉంచి తక్కినవన్నీ నరికి వచ్చామన్నమాట. పైగా అందుకు లక్షలు కట్టాం. వాడికి సీటొచ్చింది. కానీ రైలు టిక్కెట్టు మార్చుకోవాలన్నా, డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పాలన్నా ఇవాళ్టికీ వాళ్ళమ్మే మాట్లాడాలి.

"నలుగురూ పంపుతున్నారుగా" అంటాడు మా అల్లుడు. వచ్చే ఏడాది మా పిల్లకి ఇంటర్. అలాంటి కాలేజీది ఒక ఫారం మా ఫ్రిజ్ మీద ఇప్పటికే వచ్చి కూర్చుంది. అల్లుడిగారికి ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. ఈసారి చెప్పాను. "నాయనా, దాన్ని చదివించొద్దనడం లేదు. ఈ రెండేళ్ళు మళ్ళీ రావు, ఒక్క పనికే తగలెయ్యొద్దంటున్నాను" అన్నాను. ఫోన్ అవతల కాసేపు మాట లేదు. ఫారం మీద సంతకమూ ఇంకా పడలేదు. చూడాలి.

ఇక ఏడింటిదాకా నిద్ర సంగతి. దీనిమీద మా ఇంట్లో జరిగిన యుద్ధాలకి లెక్కలేదు. మేరీ కార్స్‌కాడన్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పిల్లల నిద్రమీదే పనిచేశారు. ఈడొచ్చే పిల్లల్లో నిద్రవేళ తెలిపే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. తొమ్మిదింటికి పడుకోమంటే వాళ్ళకి నిద్ర రాదు, అయిదింటికి లేపితే అది వాళ్ళకి నడిరాత్రి కింద లెక్క. అది పొగరూ కాదు, బద్ధకమూ కాదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే, ఈ వయసు పిల్లలకి బడి ఎనిమిదిన్నరకి ముందు పెట్టొద్దని చెప్పింది. కాలిఫోర్నియాలో 2022 నుంచి పెద్ద తరగతుల బళ్ళకి అది చట్టం కూడా. మనకి అలాంటి చట్టం ఎప్పుడొస్తుందో గాని, మా ఇంట్లో మటుకు ఆదివారాలు నేనే చట్టం చేశాను. ఎనిమిది దాకా ఆ గది తలుపు ఎవరూ కొట్టకూడదు. మా వారు గొణుగుతారు. గొణగనివ్వండి.

అయితే నేను పిల్లల్ని నెత్తిన పెట్టుకోమని వకాల్తా పుచ్చుకోలేదు. ఆమధ్య మా పిల్ల ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఒకే స్కూటీ మీద, హెల్మెట్ లేకుండా, మెయిన్ రోడ్డెక్కింది. లైసెన్సు లేదు, వయసూ రాలేదు. తెలివైన పిల్లే కదా, ప్రమాదమని తెలీదా? తెలుసు. అడిగితే నాకన్నా బాగా చెబుతుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు, కంప్యూటర్ మీద కారు తోలే ఆట పెట్టి చూశారు. కుర్రాళ్ళు ఒంటరిగా ఆడినప్పటికన్నా, పక్కన తోటివాళ్ళు చూస్తున్నప్పుడు చాలా ఎక్కువ తెగించారట. ఇరవై నాలుగు దాటినవాళ్ళలో మాత్రం ఆ తేడా కనపడలేదు. కోడెకి కొమ్ములొచ్చేశాయి, ముకుతాడు ఇంకా పడలేదన్నమాట. అంచేత స్కూటీ తాళం నా బొడ్డునే ఉంది, ఇంకో మూడేళ్ళు ఉంటుంది కూడా. ప్రేమ వేరు, తాళం వేరు.

కానీ ఒకటి గమనించారా? తోటివాళ్ళ ముందు తెగించే ఆ గుణమే, తోటివాళ్ళ ముందు తప్పు చెయ్యడానికీ వెరవనివ్వదు. మా పిల్ల కొత్త ఫోన్ వస్తే పుస్తకం చదవదు. నొక్కుతుంది. తప్పయితే వెనక్కొస్తుంది, ఇంకోటి నొక్కుతుంది. హిందీ రాదు, అయినా పై వాటాలో అద్దెకున్న బీహారు వాళ్ళ అమ్మాయితో నెల తిరక్కుండా హిందీలో మాట్లాడేస్తోంది. లింగాలన్నీ తారుమారు. ఆ పిల్ల నవ్వుతుంది, ఇదీ నవ్వుతుంది. నేను హిందీ పరీక్షలు మూడు ప్యాసయినదాన్ని, సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి. వాళ్ళమ్మగారు పలకరిస్తే ఇన్నాళ్ళూ తలూపి ఊరుకున్నాను. ఎందుకు? ఎక్కడ తప్పు దొర్లుతుందో అని. నా మెదడు ముసలిదై కాదు, నా పరువు ముసలిదై!

మానుకేసి వద్దాం. మాను వంగుతుందనడానికి నా దగ్గర సాక్షులున్నారు.

లండన్‌లో టాక్సీ తోలాలంటే ఇరవై అయిదువేల వీధులు కంఠతా రావాలి. ఆ పరీక్షకి మూడు నాలుగేళ్ళు చదువుతారు, పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళు. ఎలనోర్ మగ్వైర్ అనే ఆవిడ 2000లో ఆ డ్రైవర్ల మెదళ్ళు చూసి, దారులు గుర్తుపెట్టుకునే చోట వెనకభాగం మామూలు వాళ్ళకన్నా పెద్దదిగా ఉందని చెప్పింది. పుట్టుకతోనే అంతేమో అని ఎవరన్నా అంటారని, పరీక్షకి చదివేవాళ్ళని మొదటా చివరా కొలిచి 2011లో మళ్ళీ చెప్పారు. ప్యాసయినవాళ్ళలో ఆ భాగం పెరిగింది, తప్పినవాళ్ళలో పెరగలేదు.

జర్మనీలో 2004లో కొందరికి మూడు నెలలపాటు మూడు బంతులు గాలిలో ఎగరేసి పట్టుకోవడం నేర్పారు. మన అచ్చనగాయల ఆటకి అక్కగారు లాంటిది. మెదడులో మార్పొచ్చింది. ఆట మానేశాక మళ్ళీ తగ్గింది. తర్వాత అరవై దగ్గర పడ్డవాళ్ళకీ నేర్పి చూశారు. కుర్రాళ్ళంత బాగా ఆడలేకపోయారు గాని, వాళ్ళ మెదడులోనూ మార్పు కనిపించిందని 2008లో రాశారు. అంచేత, 'మాకు ఆలస్యంగా వస్తుంది' అంటే ఒప్పుకుంటాను. 'మాకు రాదు' అంటే ఒప్పుకోను.

లండనూ జర్మనీ దాకా ఎందుకు? లక్నో దగ్గర పల్లెల్లో చదువురాని వాళ్ళకి, ఎక్కువమంది ముప్ఫై ఏళ్ళ ఆడవాళ్ళే, ఆరు నెలలు దేవనాగరి అక్షరాలు నేర్పి మెదళ్ళు చూశారు. 2017లో ఆ సంగతి అచ్చయింది. మార్పు మెదడు పైపొరలోనే కాదు, ఎప్పుడో గట్టిపడిపోయి ఉంటుందనుకునే లోపలి భాగాల్లో కూడా కనిపించిందట. ఆరు నెలల్లో! పగలంతా పని చేసుకుంటూ!

ఇంకా దగ్గరికి రండి. మన నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో కూలిపనులు చేసుకొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మెదళ్ళని ఎవరూ ఏ మెషీన్లోనూ పెట్టి చూడలేదు. అవసరమూ లేకపోయింది, ఏం మారిందో రాష్ట్రమంతా చూసింది. దూబగుంటలో ఆడవాళ్ళు సారా అమ్మనివ్వమని తిరగబడ్డారు. ఆ కథ వాచకంలో పాఠమై, మిగతా ఊళ్ళలో చదివినవాళ్ళూ లేచారు. 1992కల్లా అది ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. దూబగుంట రోశమ్మగారు మొక్కా అండీ? ఇల్లూ పిల్లలూ ఉన్న ఆడది. అక్షరం కన్నా కష్టమైన పాఠం నేర్చుకుని, ప్రభుత్వాన్నే వంచింది.

ఆ ఆడవాళ్ళకి ఉన్నదీ, డిగ్రీలున్న మనకి లేనిదీ ఏమిటా అని ఆలోచించాను. పదిమందిలో పలక పట్టుకుని 'అ' తప్పు రాయడానికి వాళ్ళు సిగ్గుపడలేదు. మనం పడతాం. బ్యాంకు పని మగవారిది, మెషీను పని పిల్లలది, మనం గట్టున కూర్చుని నిట్టూర్చే బాపతు. పోనీ అందులో సుఖముందా? ఆస్పత్రి బల్లమీద నాకేమీ సుఖం కనపడలేదు.

సరే, నేర్చుకోవాలి. గురువెవరు? మనవరాలే. ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. దానికి రెండో తరగతిలో ఎక్కాలు నేర్పింది నేనే. పదమూడో ఎక్కం దగ్గర ఎన్నిసార్లు చెవి మెలిపెట్టానో దేవుడికెరుక. ఇప్పుడు అది నాకు ఫోన్‌లో డబ్బు పంపడం నేర్పుతోంది. పదకొండుసార్లు ఒకేచోట తప్పు చేశాను. లెక్క నాకెలా తెలుసంటే, ప్రతిసారీ చెవి దానంతటదే జలదరించింది. అది మాత్రం, "పర్లేదమ్మమ్మా, వెనక్కి రా. మళ్ళీ" అంటుంది. అంతే. చెవి ముట్టుకోదు, ఇంత సులువు కూడా రాదా అనదు. ఒక్కసారి మాత్రం అడిగింది, "నన్నెందుకలా తిట్టేదానివి అప్పుడు?" అని. చేతిలో ఫోన్ ఉంది కనక దానికేసి చూస్తూ కూర్చున్నాను. జవాబు లేదు నా దగ్గర.

నేర్చుకోవడంలో పెద్దవాళ్ళకి ఒక్క సదుపాయం ఉంది లెండి. ఎందుకు నేర్చుకుంటున్నామో మనకి తెలుసు. ఎవరైనా ఫోన్ చేసి బ్యాంకు నుంచి అంటూ నంబరు అడిగితే మా పిల్ల తడబడుతుందేమో గాని, నేను తడబడను. గోడ దూకి వచ్చిన పాలవాడిని కూడా నమ్మని ఇల్లాళ్ళం మనం.

మొన్న నెలలో మొదటిసారి కరెంటు బిల్లు నా చేత్తో నేనే కట్టాను. ఎవరి సాయమూ లేదు. మా వారు పేపరు అడ్డం పెట్టుకుని ఓరగా చూస్తున్నారు. టిక్కుమని పచ్చగుర్తు పడగానే ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "బాగానే ఉంది గాని, ఇది మన సర్వీసు నంబరు కాదే" అన్నారు.

పక్కింటి పిన్నిగారిది! ఆవిడ బిల్లు ఎప్పుడూ మా మనవరాలే కట్టి పెడుతుంది, ఆ నంబరు ఫోన్‌లో ఉండిపోయింది. పదమూడు వందల నలభై రూపాయలు. పిల్ల పడీపడీ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

పిన్నిగారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. డెబ్భై ఒకటి నిండాయి ఆవిడకి. కొడుకు కొనిచ్చిన ఫోన్‌ని నాలుగేళ్ళుగా మాట్లాడటానికి తప్ప వాడలేదు. చేతిలో డబ్బులు లేవు, బ్యాంకులోనే ఉన్నాయి. "రేపు అబ్బాయికి చెప్పి వేయిస్తాలే అమ్మాయ్, ఈ వయసులో నాకవన్నీ ఎక్కడొస్తాయి" అన్నారు.

"అబ్బాయి ఎందుకు పిన్నిగారూ, ఫోన్ ఇలా పట్టుకురండి" అన్నాను. కళ్ళజోడు వెతకడానికే పావుగంట పట్టింది. ఏడోసారి తప్పు నొక్కినప్పుడు నా చెయ్యి తెలీకుండానే ఆవిడ చెవిదాకా వెళ్ళింది. తీసేసుకున్నాను. "పర్లేదు, వెనక్కి రండి. మళ్ళీ" అన్నాను.